నాయిన ముందర చెప్పిన మాట

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. పోయిన వారం ఈ కథ రాలేదు. తప్పు పత్రికవాళ్లది కాదు, నాది. నేను యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ తప్పానో చూసుకోవడానికి ఇంకో పూట. ఈసారి కంటికి మందు వేయించుకోవలసి వచ్చి ఆ రెండు పూటలూ చాల్లేదు. అక్షరం తప్పుంటే దిద్దుకుని చదవండి. కథను మాత్రం తొందరపడి పాడుచేయలేదు.

కథ ఎక్కడ ఆగిందో కొత్తవాళ్ల కోసం చెప్తాను. అమూల్య వనపర్తి పిల్ల. హైదరాబాదులో మనస్తత్వ శాస్త్రం చదివింది. ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా ఒకే ప్రశ్న పట్టుకుని తిరిగింది: మగవాడు తండ్రి అయితే వాడి లోపల ఏం జరుగుతుంది? తల్లుల మీద చదవాలి, పిల్లల మీద చదవాలి, తండ్రుల దగ్గర చదవడానికేముంది అని పెద్ద పెద్ద ప్రొఫెసర్లు నవ్వారు. ఏడేళ్లు కాళ్లరిగేలా తిరిగాక నిరంజన్ సారు నడిపే సంస్థ ఆమెకొక జీపు, సాయానికి ఇద్దరు మనుషులు, గద్వాలలో రెండు గదుల ఆఫీసు ఇచ్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టూ ఊళ్లలో రెండేళ్లు తిరిగి రెండు వందల పన్నెండు మంది తండ్రులను అడిగింది. "మీ బిడ్డను మీరు ఎత్తుకుంటారా?" అన్న ప్రశ్నకు నూట అరవై మందికి పైగా "లేదు" అన్నారు. 2006 ఆగస్టులో ఆ సంగతి పేపరుకెక్కింది. "బిడ్డను తాకని తండ్రులు" అని పెద్దక్షరాలు. కింద వడ్డేపల్లి మండలం రైతు బాలన్న ఫోటో. పోయిన భాగం చివర ఆ బాలన్నే పేపరు చంకలో పెట్టుకుని వచ్చి ఆఫీసు గడప ముందు చెప్పులు విడిచాడు.

అమూల్య లేచి గడప దాకా ఎదురుపోయింది. అడక్కుండా ఫోటో వేశారని కొట్లాటకు వచ్చాడనుకుంది. ఆ మాటే ముందుగా ఎత్తుకుని, ఫోటో సంగతి తనకూ తెలియదని, క్షమించమని అడిగింది.

"ఫోటో మంచిగనే వచ్చింది మేడం," అన్నాడు బాలన్న. "మాటనే మంచిగ రాలే."

కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి, కౌలు పొలంలో విత్తనపు పత్తి చేస్తాడు. ఆ పత్తికి ఈ రోజుల్లోనే పని. పొద్దున్నే మగ పువ్వు తెంపి ఒక్కొక్క ఆడ పువ్వుకూ చేత్తో రుద్దాలి. ఒక్క పొద్దు పోతే ఆ పొద్దు పూత అంతా పోయినట్టే. అంత పని వదులుకుని వచ్చాడంటే ఊరికే రాలేదు. వేళ్ల కొసలకు పుప్పొడి ఇంకా పసుపుపచ్చగా అంటుకునే ఉంది.

నిలబడే చెప్పుకుపోయాడు. ఆయన బిడ్డ గీత నాలుగో తరగతి. వాళ్ల బడిలో రోజూ పొద్దున ప్రార్థనయ్యాక ఒక పిల్లో పిల్లవాడో పేపరు చదవాలి. పోయిన మంగళవారం గీత వంతు. నడిమిట్ల ఆపకూడదని పంతులు నేర్పించాడు. పిల్ల గొంతెత్తి చదువుతూ చదువుతూ తండ్రి పేరు దగ్గరకొచ్చింది. ఆపలేదు. చివరిదాకా చదివి పేపరు మడిచి పంతులు చేతికిచ్చి వరుసలో పోయి నిలబడింది. ఇంటికొచ్చి ఏడవలేదు. సాయంత్రం తండ్రి కాళ్లు కడుక్కుంటుంటే చెంబు అందిస్తూ అడిగింది.

"ఏమడిగింది?" అంది అమూల్య.

"నన్ను నువ్వు ఎన్నడూ ఎత్తుకోలేదా నాయినా, అని."

ఆ రోజు నుంచీ పిల్ల పొలానికి రావడం మానేసింది. తండ్రి ఉన్న చోట కూర్చోవడం లేదు. అన్నం పెట్టమంటే తల్లినే అడుగుతుంది.

అమూల్య బీరువా తెరిచి బాలన్న కాగితం తీసింది. ఎనభై ఏడో కాగితం. ప్రశ్న దగ్గర "లేదు" అని స్పష్టంగా ఉంది. పక్కన ఖాళీలో ఆమె చేతిరాతే చిన్నగా: "ఒళ్లో పక్కింటి పిల్ల. మాట్లాడినంతసేపూ దించలేదు." అప్పుడు ఆ సంగతి ఆమెకు వింతగా తోచింది కానీ, ఎందుకని ఆలోచించలేదు. చదివి వినిపించింది.

"పక్కింటి పిల్ల గాదు మేడం. మా అన్న బిడ్డ."

"అన్న బిడ్డను అంతసేపు ఎత్తుకున్నారు. సొంత బిడ్డను ఎత్తుకోరా?"

అన్నం ఎట్లా తినాలని అడిగినదాన్ని చూసినట్టు చూశాడు బాలన్న.

"మా నాయిన కూసున్నడు గద మేడం ఆడ."

అమూల్యకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమంది. ఆయన విడమరిచి చెప్పాడు. కన్నతండ్రి కూర్చున్న చోట కొడుకు తన బిడ్డను ఎత్తుకోడు. ముద్దు చేయడు. పేరు పెట్టి పిలవడు. బిడ్డ ఏడిస్తే పెండ్లాన్ని కేకేస్తాడు. అన్న బిడ్డను ఎత్తుకోవచ్చు, చెల్లె బిడ్డను ఎత్తుకోవచ్చు, తన బిడ్డను మాత్రం ఆ బిడ్డ తాతే ఎత్తుకుంటాడు. పెద్దమనిషి కళ్ల ముందు తన బిడ్డను తాను ముద్దాడితే సిగ్గులేనివాడి కింద జమ. ఇదంతా ఆయన, పొద్దు తూర్పున పొడుస్తుందని చెప్పినంత తేలికగా చెప్పాడు.

"మీది వనపర్తే అంటివి గద. గిది గూడ తెల్వదా?"

తెలియదు. తెలిసి ఉండాలి, తెలియదు. అమూల్య కాగితం బల్ల మీద పెట్టేసింది. రెండేళ్లూ ఆమె మనుషులు ఏ ఇంటికి పోయినా ముందు ఆ ఇంటి పెద్దాయన దగ్గరకే పోయేవారు. "పెద్దాయనా, మీ కొడుకుతో నాలుగు మాటలు మాట్లాడతాం," అని సెలవు అడిగేవారు. ఆ మర్యాద నేర్పించింది తనే. ఒక్క ఇల్లు కూడా కాదనలేదని హైదరాబాదులో గొప్పగా చెప్పుకుంది కూడా. పెద్దాయన సరేనని మంచం వాల్చుకుని అక్కడే కూర్చునేవాడు. ఏ ఇంటి నుంచీ ఏ పెద్దాయనా లేచిపోలేదు.

అమూల్య కుర్చీ లాక్కుని కూర్చుంది. వనపర్తి ఇల్లు కళ్ల ముందుకు వచ్చింది. ముందు గదిలో తాత మంచం. నాన్న ఆఫీసు నుంచి వచ్చి చొక్కా కొక్కేనికి తగిలించి ఆ మంచం పక్క నుంచి లోపలికి పోయేవాడు. ఆమెను చూసేవాడు కాదు. "మా నాన్న నన్ను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. అందుకే ఈ చదువు పట్టుకున్నాను," అని ఎన్ని సభల్లో చెప్పిందో. ఇంకోటి కూడా గుర్తుంది. చాలా చిన్నప్పుడు బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర ఎవరి భుజాల మీదో కూర్చుని కృష్ణ నీళ్లు చూసింది. ఆ భుజాలు మేనమామవని ఎవరూ చెప్పకుండానే అనుకుంది. ఎందుకు అనుకుంది? నాన్న పోయి పదేళ్లు. ఇప్పుడు ఎవరిని అడగాలి?

అయినా ఆమె చదువు ఊరుకోనివ్వలేదు. మెల్లగా అడిగింది. "బాలన్నా, ఆ రోజు మీ నాయన కోసం లేదన్నారు. ఇప్పుడు మీ బిడ్డ కోసం అవునంటున్నారేమో. నాకెట్లా తెలుస్తుంది?"

బాలన్నకు కోపం రాలేదు.

"నీకెట్ల తెలుస్తది," అన్నాడు. "నేను ఎత్తుకున్నప్పుడు నువ్వు ఆడ లేవు గద."

ఆ రోజే జీపులో ఆయన్ని ఎక్కించుకుని వడ్డేపల్లి వైపు పోయింది. ఇంటి దగ్గర బాలన్న తండ్రి తిమ్మప్ప గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. బాలన్న భార్య అలివేలును పక్కకు పిలిచి అడగబోతే, ఆమె కొంగు నెత్తి మీదకు లాక్కుని, మామ వైపు చూడకుండానే, "లేదమ్మా, ఈయన ఎన్నడెత్తుకున్నడు?" అంది. అదే అలివేలు చేను గట్టు దిగి, చెట్ల వరుసల్లోకి వచ్చాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆరు నెలలు వచ్చేదాకా పిల్ల ఈయన భుజం మీదే నిద్రపోయేదట. చేను కాడి గుడిసెలో. ఇంట్లో కాదు.

అక్కడ ఇంకో నలుగురు మగవాళ్లు పని చేస్తున్నారు. నలుగురూ ఆమె కాగితాల్లో "లేదు" అన్నవాళ్లే. వాళ్లను అడిగితే అందరూ అవునన్నారు. ఒకడు బిడ్డకు స్నానం పోస్తానన్నాడు. ఇంకొకడు జడ కూడా వేస్తానన్నాడు, వేస్తే వంకర వస్తుందని పక్కవాడు ఎగతాళి చేశాడు. అందరిలో పెద్దవాడు ఒక మగ పువ్వు తెంపి ఆమె చేతిలో పెట్టాడు.

"మగ చెట్లను గా మూలకు పెడ్తం మేడం. పువ్వు తెంపుకొచ్చి రుద్దుతం, ఇసిరేస్తం. కాయ కాసేటప్పుడు వాని మొకం ఎవడు జూస్తడు? నువ్వొక్కదానివే మగోని గురించి అడుగుతున్నవ్."

అందరూ నవ్వారు. అమూల్య కూడా నవ్వింది. ఆ నవ్వు మీదే ఆయన ఇంకో మాట అన్నాడు. "ఈపారి నీకు ఏది గావాల్నో ముందుగాల్నే చెప్పు. గదే చెప్తం. పేపర్ల మంచిగ రావాలె."

ఆ మాటతో ఆమె నవ్వు ఆగిపోయింది. గడప ముందు తండ్రి కోసం మాట్లాడిన మనుషులు చేనులో ఎవరి కోసం మాట్లాడుతున్నారు? తన కోసమేనా? చేతిలో పువ్వు వాడిపోతోంది. ఆ రెండు జవాబుల్లో ఏది కాగితం మీద పెట్టినా ఇంకోటి కొట్టేసినట్టే అవుతుంది. చదువుకున్న రోజుల్లో ఇట్లాంటి చిక్కుకు పేర్లుండేవి. ఒక్కటీ జ్ఞాపకం రాలేదు.

సరిగ్గా అప్పుడే సెల్‌ఫోన్ మోగింది. నిరంజన్ సారు. గొంతులో సంతోషం పొంగుతోంది. శుక్రవారం నాగర్‌కర్నూల్‌లో సభ. పై అధికారులు వస్తున్నారు. తండ్రుల కోసం ఒక కేంద్రం, మూడు పట్టణాలకూ కలిపి, పదేళ్ల పని. దానికి పెద్దగా అమూల్య. సంతకాలు ఆ రోజే. పేపర్లో పడ్డ ఆ మనిషిని తీసుకురావాలి, వేదిక మీద నాలుగు మాటలు చెప్పించాలి.

అమూల్య గట్టు మీద కూర్చుండిపోయి జరిగిందంతా చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"నూట అరవై మందికి పైగా అబద్ధం చెప్పారంటావా?"

"అబద్ధం కాదు సార్. మర్యాద."

నిరంజన్ సారు చెడ్డవాడు కాదు. అందరూ నవ్విన రోజున ఆమె మాట విన్నది ఆయనొక్కడే. ఈ కేంద్రం కోసం ఆమె కంటే ఎక్కువ గడపలు ఎక్కి దిగింది కూడా ఆయనే. చివరకు ఒక దారి చెప్పాడు. రిపోర్టు వాపసు తీసుకోవద్దు, సమర్థించుకోనూ వద్దు. శుక్రవారం ఆ మనిషినే అందరి ముందూ అడుగుదాం. ఆయన ఏం చెబితే అదే ఖాయం. ఎత్తుకోలేదని అంటే కేంద్రం వస్తుంది. అవునంటే రిపోర్టు అక్కడే ఆపేద్దాం. ఇంతకంటే న్యాయం ఉందా?

వినడానికి న్యాయంగానే ఉంది. ఫోన్ పెట్టేసి తలెత్తితే ఎదురుగా బాలన్న ఉన్నాడు. అంతా విన్నాడు.

"మా నాయిన వస్తే నేను లేదంట," అన్నాడు. "రాకుంటే అవునంట. జీపుల ఎవర్ని ఎక్కిచ్చుకుంటవో నీ ఇష్టం."

"మీ నాయన ఉన్నా సరే, అవునని చెప్పలేరా?"

బాలన్న చేతులు రెండూ తుడుచుకున్నాడు. "తిడ్తడని గాదు మేడం. ముప్పై ఏండ్లు ఆయన గూడ వాళ్ల నాయిన ముందర గట్లనే ఉన్నడు. నేను అవునంటే ఆయన గట్ల ఉన్నదంతా ఏమైతది? ఉత్తదైతది."

మూడు రోజులు అమూల్య అన్నం సరిగా తినలేదు. ముసలాయనను తీసుకుపోతే ఆమె కోరుకున్న బతుకు చేతికొస్తుంది, తొమ్మిదేళ్ల పిల్ల ఆ మాట రెండోసారి పేపర్లో చదువుకుంటుంది. తీసుకుపోకపోతే పిల్లకు తండ్రి దక్కుతాడు, తన రెండేళ్లూ నీళ్లపాలవుతాయి. అంతటితో పోతే బాగుండు. ముసలాయనను కావాలని వదిలేసి అవుననిపించుకుంటే అదీ తాను వండి వార్చిన జవాబే కదా. ఎవరినీ పిలవకుండా ఊరుకుందామంటే, ఊరుకోవడం కూడా ఒకరిని వదిలేయడమే అవుతోంది. చివరికి గురువారం సాయంత్రం తేల్చుకుంది. బాలన్న ఒక్కడినే. ఇంకెవరినీ వద్దు.

శుక్రవారం పొద్దున జీపు వాళ్ల ఇంటి ముందు ఆగేసరికి తిమ్మప్ప గడప ముందు నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్ల ధోవతి, కొత్త తలపాగ. కొడుకు పేరు పేపర్లో పడిందని, పెద్దసార్లు పిలిపించారని ఊళ్లోవాళ్లు చెప్పారట. పేపర్లో ఏం రాశారో ఆయనకు ఎవరూ చదివి వినిపించలేదు. కర్ర ఊతంగా రెండడుగులు ముందుకు వచ్చాడు.

"నేను గూడ రావాల్నా బిడ్డా?"

జీపులో చోటు లేదు తాతా అనాలని దారి పొడవునా అనుకుంటూనే వచ్చింది. నోరు తెరిస్తే, "రా తాతా, ఎక్కు," అన్న మాట వచ్చింది. ముస్తాబై గడపలో నిలబడ్డ పెద్దమనిషిని కాదనలేక వచ్చిందో, పదేళ్ల పని మీద ఆశ ఆ మాటను తోసుకొచ్చిందో, దేవుడి మీద ఒట్టు, ఆమెకే తెలియలేదు. బాలన్న ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. పోయి డ్రైవర్ పక్కన కూర్చున్నాడు.

అప్పుడు ఇంట్లోనుంచి గీత వచ్చింది. బడి బట్టల్లో, వీపున సంచితో. బడి వైపు పోలేదు. వచ్చి జీపు వెనక మెట్టు మీద కాలు పెట్టింది.

"బడికి పో," అన్నాడు బాలన్న, తండ్రి ముందు కాబట్టి పిల్ల పేరు ఎత్తకుండా.

"నేను గూడ వింట," అంది గీత. "నువ్వేం చెప్తవో."

తిమ్మప్ప జరిగి పక్కన చోటు చేశాడు. "రానియ్యిరా పోరిని," అన్నాడు. పెద్దాయన మాట మీద ఇంకో మాట లేదు. పిల్ల ఎక్కింది.

బీచుపల్లి వంతెన మీద గీత నీళ్లు చూస్తానంటే తాత చూపించాడు. వనపర్తి దగ్గర డ్రైవర్ టీ తాగుదామన్నాడు, ఎవరూ దిగలేదు. నాగర్‌కర్నూల్ చేరేసరికి హాలు నిండిపోయింది. మొదటి వరుసలో ఒక్కటే కుర్చీ మిగిలింది. తిమ్మప్ప అందులో కూర్చుని మనవరాలిని ఒళ్లోకి లాక్కున్నాడు. కాళ్లు నేలకు తగిలేంత పిల్ల. అయినా తాత ఒడి కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు.

వేదిక మీద అధికారులు, నిరంజన్ సారు, కొసకు అమూల్య. ఆమె ముందు కొత్త కాగితం, చేతిలో పెన్ను. నిరంజన్ సారు మాట తప్పలేదు. బాలన్నను మైకు ముందుకు పిలిచి, ఏ వంకరా లేకుండా, మెత్తగా అడిగాడు.

"బాలన్నా, మీ బిడ్డను మీరు ఎప్పుడైనా ఎత్తుకున్నారా?"

బాలన్న మైకును చూశాడు. మొదటి వరుసను చూశాడు. తాత కళ్లూ పిల్ల కళ్లూ ఒకే ఎత్తులో ఆయన మీదే ఉన్నాయి. ఎవరో దగ్గారు. బాలన్న మైకు వదిలేసి వేదిక మెట్లు దిగాడు. పారిపోతున్నాడనుకుని వెనక వరుసల్లో నవ్వు లేచింది. ఆయన గుమ్మం వైపు పోలేదు. నాయిన కుర్చీ ముందుకు పోయి నిలబడి, రెండు చేతులూ చాపాడు.

తిమ్మప్ప మనవరాలిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

బాలన్న వంగి ఆయనతో ఏదో అన్నాడు. రెండు మాటలో, మూడు మాటలో. మైకు పైన ఉండిపోయింది. హాలులో ఎవరికీ వినపడలేదు. అంత దగ్గరగా ఉన్న గీతకు వినపడి ఉండాలి, పిల్ల తలెత్తి తాత ముఖంలోకి చూసింది.

"ఏమన్నాడు?" అని నిరంజన్ సారు అమూల్య చెవి దగ్గర అడిగాడు. "లేదన్నాడా, అవునన్నాడా? ఏం రాసుకున్నావు?"

ఆమె ఏమీ రాసుకోలేదు. కొడుకు చేతులు ఇంకా అట్లాగే చాచి ఉన్నాయి. ముసలాయన వాటిని చూడలేదు. కొడుకు పక్క నుంచి తల వంచి, వేదిక మీద ఉన్న అమూల్యను వెతికి పట్టుకున్నాడు. హాలంతా వినపడేంత గొంతుతో పిలిచాడు.

"బిడ్డా, రెండేండ్లసంది అందర్నీ అడుగుతున్నవ్, నన్నొక్కన్ని అడగక పోతివి. నీ కాయితం పట్టుకోని ఇట్ల రా."

తిరుపతమ్మ
వయసు అరవై ఒకటి
ఇప్పుడు వనపర్తిలో, చిన్న కూతురు దగ్గర